వరంగల్ నుంచి ముక్తినాథ్‌కి సెకండ్ హ్యాండ్ బండి: ఏది కొనాలి, ఏం చూడాలి?

నలుగురు దోస్తులు, ఆరేడు లక్షల బడ్జెట్, వరంగల్ నుంచి నేపాల్‌లోని ముక్తినాథ్ దాకా సొంత బండిలో పోయి రావాలి, సెకండ్ హ్యాండ్‌లో ఏది తీసుకోమంటారు అని అడిగారు. నేనూ మా బామ్మర్దీ సరిగ్గా ఇదే పని చేశాం కాబట్టి చెప్తున్నా. మోడల్ గురించి మరీ బుర్ర పాడు చేసుకోకండి. ఆర్సీ, ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి రావడానికి ఎంత టైమ్ పెట్టుకున్నారో అది చూసుకోండి ముందు.

మోడల్ సంగతి తొందరగా తేల్చేస్తా: బొలెరో, లేదంటే స్కార్పియో. ముక్తినాథ్ దారిలో బేని నుంచి జోమ్‌సోమ్ వైపు కాళీ గండకి లోయలో జనాన్ని ఎక్కించుకుని తిరిగే జీపుల్లో ఎక్కువ ఇవే. అక్కడి మెకానిక్‌లకు చేయి తిరిగిన బండ్లు. నేపాల్‌లో బండి మొరాయిస్తే దాన్ని అక్కడే వదిలేసి బస్సెక్కి రావడం కుదరదు. భన్సార్, అంటే కస్టమ్స్ పర్మిట్ మీద లోపలికి తీసుకెళ్లిన బండిని గడువులోపు సరిహద్దు దాటించాల్సిందే. డీజిల్‌లో బీఎస్-4 (పొగ కాలుష్యానికి పెట్టిన పాత ప్రమాణం) దొరికితే వదలకండి, అంటే 2020 మార్చి లోపు రిజిస్టర్ అయినవి. బీఎస్-6 డీజిల్ బండ్లలో డీపీఎఫ్ అని ఒక ఫిల్టర్ ఉంటుంది. మసి పేరుకున్నప్పుడు కాసేపు హైవే మీద స్పీడుగా తోలితేనే అది శుభ్రపడుతుంది. ఫస్ట్, సెకండ్ గేర్లలో పాకే ఘాట్ రోడ్డులో ఆ అవకాశం ఎక్కడిది? ఇక ముక్తినాథ్ 3,700 మీటర్ల పైన ఉంది, టర్బో లేని పెట్రోల్ బండి అక్కడ ఆయాసపడుతుంది.

బండి చూసేటప్పుడు మన దిక్కున రెండు అనుమానాలు పెట్టుకోవాలి. మొదటిది వరద. 2023 జులైలో భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మునిగింది, హనుమకొండలో నయీంనగర్ మునిగింది. ఆ నీళ్లలో నిలబడ్డ బండ్లు ఎటు పోయాయనుకుంటున్నారు? తుడిచి, పాలిష్ కొట్టి, మళ్లీ అమ్మకానికే. మాకు ఒక డీలర్ చూపించిన స్కార్పియో పైకి పెళ్లికొడుకులా మెరుస్తోంది. మా బామ్మర్ది వెనక సీటు బెల్టు పట్టుకుని ఆగేదాకా గుంజాడు. ఎప్పుడూ రీలు లోపలే ఉండిపోయే చివరి జానెడు మేర మట్టి చార, ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. మ్యాట్ లేపితే సీటు బోల్టులకు తుప్పు. “వాటర్ వాష్ చేయించినప్పుడు తడిసి ఉంటది సార్” అన్నాడు డీలర్, ఏమాత్రం తడుముకోకుండా. దండం పెట్టి వచ్చేశాం. మీరూ బెల్టులన్నీ గుంజి చూడండి, డ్యాష్‌బోర్డు కింద చేయి పెట్టి వైర్ల జాయింట్లు చూడండి. వైరింగ్‌లోకి నీళ్లు పోయిన బండి ఊళ్లో బాగానే నడుస్తుంది, కొండ మీద చలిలో పొద్దున్నే స్టార్ట్ అవుతుందా అన్నది దాని దయ.

రెండోది సింగరేణి. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వైపు అద్దెకు తిరిగిన బొలెరోలు చవగ్గా వస్తాయి. అన్నీ చెడ్డవని అనను, పద్ధతిగా సర్వీసు చేయించినవీ ఉంటాయి. కానీ మీటర్ తక్కువ చూపిస్తూ, క్లచ్ పెడల్ రబ్బరు మాత్రం నున్నగా అరిగి ఉంటే, ఏసీ ఫిల్టర్ తీయగానే నల్లపొడి రాలితే ఆ మీటర్‌ని నమ్మొద్దు. ఆ బండి కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఓనర్‌ని వెంటబెట్టుకుని పోయి పాత రికార్డు అడగండి. ఏ తేదీకి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో బయటపడుతుంది.

ఇప్పుడు కాగితాలు. ఆర్సీలో పేరు మార్చే ఫారం 29, 30 మీద ఓనర్ సంతకాలు, లోన్ ఉన్న బండైతే ఆర్సీ మీద లోన్ కొట్టేయించే ఫారం 35తో పాటు బ్యాంకు ఎన్‌వోసీ, పెండింగ్ చలాన్లు కట్టిన రసీదు చేతికి వచ్చాకే మిగతా పైసలు ఇవ్వండి. ఏపీ 36 నంబరున్న బండంటే 2014 జూన్ కంటే ముందుది, పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ ఎప్పుడు అయిపోతుందో చూసుకోండి.

ఆర్సీ మారితే ఇన్సూరెన్స్ పూర్తిగా మారినట్టు కాదు. థర్డ్ పార్టీ భాగం మీకు వర్తిస్తుంది, మీ బండికి దెబ్బ తగిలితే డబ్బు రావాలంటే మాత్రం పాలసీ మీ పేరు మీద ఉండాలి. కొన్న 14 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, మీకు రాదు, ఆ తేడా కట్టాలి. అసలు ముచ్చట ఏంటంటే, మామూలు పాలసీ మన దేశం దాకే. నేపాల్‌కి కూడా పొడిగించమని అదనపు ప్రీమియం కట్టి ఐఎంటీ-1 అనే ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి అదనపు షరతు, రాయించుకోవాలి. మా ఏజెంట్ అలాంటిదేం లేదన్నాడు. నంబరు చెప్పి ఆఫీసులో అడగమంటే సాయంత్రానికి వాడే ఫోన్ చేశాడు.

దారి: కరీంనగర్, నిర్మల్ మీదుగా 44వ జాతీయ రహదారి ఎక్కి నాగ్‌పూర్, జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్, గోరఖ్‌పూర్, సరిహద్దులో ఉన్న సునౌలి. దాదాపు 1,500 కిలోమీటర్లు. సునౌలిలో ఒరిజినల్ ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి, ఫోన్‌లో చూపిస్తే సరిపోతుందనుకోవద్దు. మనుషులకు పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు. 15 నుంచి 65 ఏళ్ల మధ్య వాళ్లకు ఆధార్ పనికిరాదు. ఆర్సీ ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉంటే అతని నుంచి అనుమతి పత్రం కావాలి, ఆ లొల్లి ఎందుకు. భన్సార్ రోజుల లెక్కన కట్టాలి, ఏడాదికి 30 రోజులే ఇస్తారు. కాబట్టి అనుకున్నదానికంటే రెండు రోజులు ఎక్కువే రాయించుకోండి. పోఖరాలో అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం పర్మిట్ కూడా తీసుకోవాలి.

వానాకాలంలో అక్కడ కొండచరియలు పడతాయి, దసరా తర్వాత వెళ్లడం మేలు. అంటే జులైకల్లా బండి ఖాయం కావాలి. అప్పుడు ఆషాఢం, బండి కొనేవాళ్లు తక్కువ, బేరానికి బాగా దిగొస్తారు. ఇంట్లో అమ్మ ఒప్పుకోకపోతే ఆషాఢంలో రేటు మాట్లాడుకుని అడ్వాన్స్ ఇచ్చి, బండిని శ్రావణంలో తెచ్చుకోండి. మేమూ అంతే చేశాం.