హామీ పత్రాల మొత్తం చూసి కిట్లకు ఆర్డరు ఇవ్వవచ్చా?

ప్రశ్న: మాది 40 మంది సభ్యులున్న చిన్న క్రీడా క్లబ్బు. నేను దాని కోశాధికారిని. వచ్చే సీజనుకు కొత్త కిట్లు కొనడానికీ, పోటీలకు వెళ్లే ప్రయాణ ఖర్చులకూ నిధులు కావాలి. ఒక రోజు సభ్యులందరం మైదానం చుట్టూ నడవాలనీ, ప్రతి చుట్టుకూ ఇంత చొప్పున ఇస్తామని బంధుమిత్రుల చేత ముందుగా హామీలు రాయించుకోవాలనీ కార్యవర్గం నిర్ణయించింది. హామీలు బాగానే వస్తాయన్న నమ్మకంతో, నడక జరగకముందే కిట్లకు ఆర్డరు ఇచ్చేద్దామని కొందరు అంటున్నారు. ఇలా చేయవచ్చా? హామీని చుట్ల లెక్కన తీసుకోవాలా, ఒకే మొత్తంగా తీసుకోవాలా?

సమాధానం: ఆర్డరు ఇప్పుడే ఇవ్వకండి. హామీ పత్రం మీద ఒకరు రాసిన అంకెకూ మీ బ్యాంకు ఖాతాలో పడే సొమ్ముకూ మధ్య చాలా దూరం ఉంటుంది. నడక జరగాలి, చుట్లు లెక్కపెట్టాలి, ఎంత అయిందో దాతకు తెలియజేయాలి, ఆయన చెల్లించాలి, ఆ చెల్లింపు ఫలానా పత్రానికి సంబంధించినదని మీ పుస్తకంలో నమోదు కావాలి. ఈ మెట్లలో ప్రతి దాని దగ్గరా కొంత జారిపోతుంది. ఎవరూ మోసం చేయాలనుకోరు. ఫోన్ నంబరులో ఒక అంకె తప్పు పడుతుంది, ఇచ్చినవారు మరచిపోతారు, ఇంకా ఎక్కువసార్లు జరిగేది ఏమిటంటే, హామీ రాయించుకున్న సభ్యుడికి మళ్లీ వెళ్లి అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. నన్ను సలహా అడిగిన ఒక క్లబ్బు హామీల మొత్తాన్ని చూసుకుని ధైర్యంగా దుస్తులకు ఆర్డరు ఇచ్చింది. సరఫరాదారుకు చెల్లించవలసిన తేదీ వచ్చేసరికి సగం కూడా వసూలు కాకపోవడంతో, కార్యవర్గ సభ్యుడొకరు సొంత డబ్బు వేయవలసి వచ్చింది. ఆ డబ్బు ఆయనకు చివరకు తిరిగి వచ్చింది కానీ, ఈలోపు జరిగిన మాటామాటా వల్ల ఆయన క్లబ్బుకు దూరమయ్యారు.

కాబట్టి లెక్కను హామీల వైపు నుంచి కాక, అవసరం వైపు నుంచి మొదలుపెట్టండి. కిట్లకూ ప్రయాణాలకూ కలిపి నికరంగా కావలసిన మొత్తాన్ని 100 భాగాలు అనుకుందాం. మైదానం అద్దె, తాగునీరు, ప్రథమ చికిత్స ఏర్పాటు, పత్రాల ముద్రణ, ఆన్‌లైన్ చెల్లింపులపై పడే రుసుము, వీటికి తోడు అనుకోని ఖర్చులకు కొంత కలిపితే 15 భాగాలు అవుతాయనుకుంటే, మీ చేతికి రావలసినది 115. మొదటిసారి చేస్తున్న క్లబ్బు తన హామీలలో 80 శాతానికి మించి వసూలవుతాయని అనుకోకూడదన్నది నా అభిప్రాయం. ఆ లెక్కన 115ను 0.80తో భాగిస్తే సుమారు 144 వస్తుంది, అంటే 100 భాగాల పని జరగడానికి 144 భాగాల హామీలు రాయించాలి. సభ్యులు 40 మంది ఉన్నా, ఆ రోజు నడవగలిగేవారు 30 మందే అనుకోండి. అప్పుడు ఒక్కొక్కరు 4.8 భాగాల హామీలు తేవాలి. ప్రతి ఒక్కరికీ ఆరుగురు దాతలు దొరికితే, ఒక్కొక్క దాత నుంచి రావలసినది 0.8 భాగం. ఈ చివరి అంకెను మీ డబ్బులోకి మార్చి, కార్యవర్గ సమావేశంలో గట్టిగా చదవండి. మీ సభ్యుల బంధుమిత్రులు ఇబ్బంది పడకుండా ఇవ్వగలిగే మొత్తమే అయితే ముందుకు వెళ్లండి. కాదనిపిస్తే దాతల సంఖ్య పెంచడమో, లక్ష్యాన్ని తగ్గించడమో ఇప్పుడే చేయాలి, ఎందుకంటే నడక తరువాత ఆ రెండూ మీ చేతిలో ఉండవు. వసూలు 70 శాతమే అయితే ఎలా ఉంటుందో కూడా ఒకసారి వేసి చూడండి: 115 భాగాలు రావాలంటే 164 భాగాల హామీలు కావాలి. వసూలు 10 శాతం తగ్గితే అదనంగా 20 భాగాల హామీలు వెతుక్కోవాలన్నమాట. కొత్త దాతలను వెతకడం కన్నా, ఉన్నవారి నుంచి శ్రద్ధగా వసూలు చేసుకోవడం ఎంత లాభమో ఈ లెక్కలోనే కనిపిస్తుంది.

ఇక మీ రెండో ప్రశ్న. చుట్టుకు ఇంత అనే పద్ధతిలో ఉత్సాహం ఉంది. నడిచేవారికి ఇంకొక్క చుట్టు తిరగాలనిపిస్తుంది. కానీ తగాదాలు కూడా అందులోంచే పుడతాయి. ప్రామాణికమైన ట్రాక్ చుట్టుకొలత లోపలి వరుసలో 400 మీటర్లు. 10 కిలోమీటర్లు నడిస్తే 25 చుట్లు అవుతాయి. దాత కిలోమీటరుకు అనుకుని రాసిన అంకెను మీరు చుట్టుకు అని లెక్కవేస్తే, ఆయన అనుకున్నదానికి రెండున్నర రెట్లు ఇమ్మని అడిగినట్టవుతుంది. ఆయన ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు, కానీ మరోసారి మాత్రం మీ పత్రం మీద సంతకం పెట్టరు. పైగా ఎనిమిదో వరుసలో నడిచేవారికి ఒక్క చుట్టే సుమారు 453 మీటర్లు అవుతుంది కాబట్టి, దూరాన్ని లెక్కించడం కన్నా చుట్లను లెక్కించడమే వివాదం లేని పని. 'చుట్టుకు' అన్న మాటను పత్రంలో పెద్ద అక్షరాలతో అచ్చువేయించి, దాని పక్కనే 'గరిష్ఠంగా ఇవ్వగల మొత్తం' అనే గడి తప్పనిసరిగా పెట్టండి. మామూలుగా మనిషి గంటకు 5 కిలోమీటర్లు నడుస్తాడు, రెండు గంటలలో 25 చుట్లు తిరుగుతాడు. సాధనలో ఉన్న మీ క్రీడాకారులు గంటకు 6 కిలోమీటర్ల వేగంతో నడిచి 30 చుట్లు పూర్తి చేయవచ్చు. ఆ అయిదు చుట్ల తేడా దాతకు భారం కాకుండా కాపాడేది ఆ గడి ఒక్కటే. నడకకు రెండు గంటలని కాలపరిమితి పెడితే మరో రక్షణ కూడా దొరుకుతుంది, మీ అంచనాకు ఒక పైహద్దు ఏర్పడుతుంది.

అయినా, ఒకే మొత్తంగా ఇచ్చే పద్ధతికే నేను మొదటి స్థానం ఇస్తాను. దూరం వెనుక ఉన్న మనిషినీ, ఉద్దేశాన్నీ చూసే జనం ఇస్తారని చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 1980లో కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్ ఒక కృత్రిమ కాలితో దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగు మొదలుపెట్టి, క్యాన్సర్ పరిశోధనకు దేశంలోని ప్రతి మనిషీ ఒక్క డాలరు ఇవ్వాలని అడిగాడు. 143 రోజులలో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక, వ్యాధి ఊపిరితిత్తులకు పాకడంతో ఆగిపోవలసి వచ్చింది. పరుగు పూర్తి కాలేదు, కానీ 1981 ఫిబ్రవరి నాటికి 2 కోట్ల 40 లక్షల డాలర్లకు పైగా సమకూరింది. ఆనాటి కెనడా జనాభా కూడా దాదాపు అంతే. ఆయన అడిగినది చిన్న మొత్తం, అందరికీ ఒక్కలా అర్థమయ్యే మొత్తం, గమ్యం చేరడంతో ముడిపెట్టని మొత్తం. 2020లో బ్రిటన్‌లో కెప్టెన్ టామ్ మూర్ తన నూరవ పుట్టినరోజుకు ముందు 25 మీటర్ల పొడవున్న తోటలో నడక చట్రం సాయంతో 100 సార్లు నడవాలని సంకల్పించారు. మొత్తం దూరం రెండున్నర కిలోమీటర్లే. 1,000 పౌండ్లు సేకరించాలన్నది తొలి లక్ష్యం కాగా, వచ్చినది 3 కోట్ల 20 లక్షల పౌండ్లకు పైమాటే. మీ క్లబ్బుకు అలాంటి అంకెలు వస్తాయని చెప్పడానికి కాదు వీటిని ప్రస్తావించింది. మీ పత్రం కూడా 'నేను ఇంత ఇస్తాను' అన్న వాక్యంతో మొదలవ్వాలని, చుట్ల లెక్క దాని కింద ఐచ్ఛికంగా ఉండాలని.

ఒకే మొత్తం రాసేవారు ఆ క్షణంలోనే చెల్లించే వీలు కల్పించండి. సంతకం చేసిన చోటే చెల్లించి రసీదు తీసుకున్న దాత విషయంలో ఇక వసూలు అనే సమస్యే ఉండదు. మీ హామీలలో సగమైనా ఇలా ముందే సొమ్ముగా మారితే, నేను పైన వేసిన 80 శాతం అంచనా గురించి మీరు దిగులు పడనవసరం లేదు. వర్షం వల్లనో, మరే కారణం వల్లనో నడక ఆగిపోతే ముందుగా తీసుకున్న డబ్బును ఏం చేస్తారో, నడవవలసిన సభ్యుడు మధ్యలో ఆగిపోతే ఎన్ని చుట్లకు లెక్కిస్తారో, లక్ష్యానికి మించి వస్తే అదనపు సొమ్ము దేనికి వాడతారో, ఈ మూడింటినీ అదే పత్రంలో రెండు మూడు వాక్యాలలో రాయండి. కిట్లకని తీసుకున్న డబ్బును క్లబ్బు వార్షికోత్సవ విందుకు మళ్లించే హక్కు కార్యవర్గానికి లేదు, దాత ముందుగా ఒప్పుకుంటే తప్ప.

ఖర్చుల విషయంలో నేను పెట్టే నియమం ఒక్కటే: నడక పూర్తిగా రద్దయినా క్లబ్బు తన పాత నిల్వలోంచి భరించగలిగినంత మేరకే తిరిగి రాని అడ్వాన్సులు ఇవ్వండి. అందరికీ టీషర్టులు పంచాలన్న కోరిక ప్రతి క్లబ్బులోనూ పుడుతుంది, కానీ దాత ఇచ్చిన డబ్బు దాత చూడని చొక్కాలకు పోవడం నాకు న్యాయంగా అనిపించదు. ఏదైనా వ్యాపార సంస్థ ముద్రణ ఖర్చు భరిస్తానంటే సంతోషంగా తీసుకోండి. వచ్చిన దానికి సమానంగా తానూ ఇస్తానని ఎవరైనా పెద్ద దాత అంటే, గరిష్ఠ మొత్తమూ చెల్లించే తేదీయూ కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం వచ్చినా సరే, సొమ్ము చేరేదాకా దాన్ని మీ బడ్జెట్‌లో కలపవద్దు.

కోశాధికారిగా మీరు ఆ రోజు నడవకండి. ఈ మాట మీకు నచ్చకపోవచ్చు, కానీ లెక్క చూసే మనిషి బల్ల దగ్గర ఉండాలి. హామీ పత్రాలకు వరుస సంఖ్యలు వేయించి, ఏ సభ్యుడికి ఏ సంఖ్య నుంచి ఏ సంఖ్య వరకు ఇచ్చారో రాసుకుని, నడకకు ముందురోజే, వాడినవీ వాడనివీ అన్నింటినీ వెనక్కి తీసుకోండి. చుట్లు లెక్కపెట్టేవారు, నగదు తీసుకునేవారు, పుస్తకంలో రాసేవారు వేర్వేరు మనుషులై ఉండాలి. నగదును ఎప్పుడూ ఇద్దరు కలిసి లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చేసి, వీలైనంత త్వరగా క్లబ్బు పేరున ఉన్న ఖాతాలో జమ చేయాలి. ఎవరి సొంత ఖాతాలోకీ, ఒక్క రోజుకైనా, ఆ డబ్బు వెళ్లకూడదు. పిల్లలు సభ్యులుగా ఉంటే వారి చేత నగదు వసూలు చేయించకండి, పరిచయం లేని ఇళ్లకు ఒంటరిగా పంపకండి. ఈ ఏర్పాట్లు సభ్యుల మీద అనుమానంతో చేసేవి కావు. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే సభ్యుల పరువును కాపాడేవి ఇవే.

వసూలుకు రెండు వారాల గడువు పెట్టుకోండి. నడక ముగిసిన సాయంత్రమే ప్రతి దాతకూ, ఆయన తరఫున నడిచిన సభ్యుడి పేరు మీదుగా, ఎన్ని చుట్లు అయ్యాయో, ఎంత చెల్లించాలో, ఎలా చెల్లించవచ్చో చెప్పే సందేశం వెళ్లాలి. ఆ రోజున్న ఆనందం పది రోజుల తరువాత ఉండదు, కాబట్టి ఎక్కువ సొమ్ము ఈ మొదటి సందేశానికే వస్తుంది. వారం తరువాత మర్యాదగా గుర్తుచేసే ఒక సందేశం, పద్నాలుగో రోజున చివరిది. ఆ తరువాత కూడా రాని హామీలను కొట్టివేసి, మళ్లీ అడగవద్దు. ప్రేమతో రాసిన మాటను బాకీలా వెంటపడి వసూలు చేస్తే, పోయేది ఆ ఒక్క మొత్తం మాత్రమే కాదు, ఆ కుటుంబంతో మీ సభ్యుడికున్న సంబంధం కూడా. దాతలు ఇచ్చిన ఫోన్ నంబర్లను ఈ పనికి తప్ప మరి దేనికీ వాడకండి.

బహిరంగ రహదారి మీద నడిచే ఆలోచన ఉంటే అనుమతులు, బీమా ముందుగా చూసుకోవాలి. మైదానంలోనైతే ఆ భారం చాలా వరకు తగ్గుతుంది. విరాళానికి పన్ను మినహాయింపు వస్తుందని మాత్రం, మీ క్లబ్బు నమోదు ఏ రకమైనదో పన్ను నిపుణుడి చేత చూపించుకోకుండా, పత్రంలో ఒక్క అక్షరం కూడా రాయవద్దు.

కిట్ల విషయానికి మళ్లీ వస్తే, సరఫరాదారు నుంచి ధరల పట్టిక లిఖితపూర్వకంగా తీసుకుని, నడక తరువాత కనీసం మూడు వారాల వరకు అది చెల్లుబాటు అయ్యేలా అడగండి. ఏ వస్తువులు లేకపోతే సీజను మొదలే కాదో వాటిని మొదటి విడతగా, మిగిలినవాటిని రెండో విడతగా ఇప్పుడే విభజించి, కార్యవర్గ తీర్మానంలో రాయించండి. మొదటి విడత ఆర్డరును, ఖాతాలో నిలిచిన సొమ్ములోంచి నడక ఖర్చులు తీసేశాక మిగిలినది ఆ విడత ధరకు సరిపోయిన రోజున ఇవ్వండి. ముందుగా చెల్లించే దాతలు ఎక్కువగా ఉంటే, అది నడకకు ముందే జరిగినా తప్పు లేదు. అయితే నడక ఆగితే తిరిగి ఇస్తామని పత్రంలో రాసి ఉంటే మాత్రం, నడక ముగిసేదాకా ఆ సొమ్మును ముట్టుకోకండి. రెండో విడత పదిహేనో రోజున, వసూళ్ల పుస్తకం మూసి, హామీలెంత, వసూలెంత, ఖర్చెంత, మిగిలినదెంత అన్న నాలుగు అంకెల పట్టికను దాతలందరికీ పంపిన తరువాత.