పత్తి కాయ పట్టలేదు, అంగడాయన బిల్లివ్వలేదు

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లె. 'ఎకరాకు 15 క్వింటాళ్లు గ్యారంటీ' అన్న కరపత్రం చూపించి అంగడాయన పత్తి విత్తనాలు అమ్మినాడు. బిల్లు అడిగితే తెల్లచీటీ రాసిచ్చినాడు. చెట్లు ఏపుగా పెరిగినాయి గానీ కాయ పట్టలేదు. అడిగితే వానల వల్ల అంటున్నాడు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ అప్పుడే చేను దున్నేయకండి. ఇలాంటి కేసులు చాలావరకు వీగిపోయేది చేను తనిఖీ రిపోర్టు సరిగా లేకే. మండల వ్యవసాయాధికారికి వెంటనే అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నంద్యాల పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తకు చేను చూపించాలని అందులోనే కోరండి. తనిఖీ తేదీ అంగడికీ కంపెనీకీ ముందే తెలియాలి, లేకుంటే తమకు చెప్పకుండా రాసుకున్నారని వాదిస్తారు. 'దిగుబడి తక్కువ' అని మాత్రమే రాసిన కాగితం పనికిరాదు. కారణం విత్తనమా, తెగులా, వానా అన్నది తేల్చి రాయాలి. అదే వానకు పక్క చేన్లో వేరే రకం బాగా కాసి ఉంటే, అదీ రాయించండి.

ఖాళీ ప్యాకెట్లు పారేయొద్దు, లాట్ నంబరు వాటి మీదే ఉంటుంది. విత్తనం మిగల్లేదని దిగులు వద్దు. మన రాష్ట్ర రైతులు వేసిన నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో, పరీక్ష కోసం రైతు విత్తనం దాచిపెట్టుకోవాలని ఆశించలేమని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. రైతు వినియోగదారుడేనని కూడా తేల్చింది.

బిల్లివ్వకపోవడమే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపారం. తెల్లచీటీ, ఫోన్‌పే వివరాలు దాచండి. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఆ కరపత్రం. సరైన పరీక్షలు లేకుండా గ్యారంటీ ఇవ్వడం తప్పు, పరీక్షలు చేశామంటే నిరూపించాల్సింది వాళ్లే.

అంగడికీ కంపెనీకీ 15 రోజుల గడువుతో నోటీసు పంపి, తర్వాత కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. వకీలు తప్పనిసరి కాదు. పంట నష్టం ఎంతైనా, ఫీజుకు లెక్క విత్తనానికి కట్టిన సొమ్మే. అది 5 లక్షలలోపైతే ఫీజే లేదు.

నోటీసు అందగానే 'విత్తనాల డబ్బు తీసుకో, సంతకం పెట్టు' అని అంగడాయన రావచ్చు. 'ఇక ఏ బాకీ లేదు' అన్న మాట ఉన్న కాగితం మీద సంతకం పెడితే పంట నష్టం అడిగే దారి దాదాపు మూసుకుపోతుంది.