టేబుల్ కాలికి కుసి ఎంత మందం పెట్టాలి?

మీ కొలతలు ఇవి: కాళ్లు రెండున్నర అంగుళాల చదరం, పట్టెలు (కాళ్లను కలిపే అడ్డ చెక్కలు) రంద, అంటే చిత్రిక, పట్టాక అంగుళం మందం, నాలుగు అంగుళాల వెడల్పు, చెక్క బల్లార్షా (మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా) టేకు. కుసి అంటే పట్టె కొసన చెక్కే నాలుక, అది కాలిలో తవ్విన బెజ్జంలోకి దిగుతుంది; సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పట్టె మందంలో మూడో వంతు లెక్కన కుసి 3 సూతులు చాలా, 4 పెట్టాలా అని అడిగారు. 4 పెట్టండి.

మూడో వంతు లెక్క తలుపు రెక్క లాంటి వాటికి, అంటే కలిసే రెండు ముక్కలూ ఒకే మందంలో ఉన్నప్పుడు. అక్కడ బెజ్జానికి ఇరువైపులా గోడ మిగలాలి. మీ కాలు పట్టెకు రెండున్నర రెట్లు ఉంది, గోడలకు ఢోకా లేదు. విరిగితే కుసే విరుగుతుంది, అదీ దాని మొదలు దగ్గర. అందుకే ఇలాంటి చోట పట్టె మందంలో సగం దాకా పోవచ్చు. సగం దాటితే మాత్రం రెండు పక్కల భుజాలు (కుసి మొదలు దగ్గర కాలికి ఆనే పట్టె అంచులు) సన్నబడి, టేబుల్ ఊగినప్పుడు కాలికి ఆనేది ఏమీ ఉండదు. మూడున్నర సూతులని గీయకండి. చేతిలో ఉన్న ఉలి వెడల్పే బెజ్జం వెడల్పు. ముందు బెజ్జం కొట్టి, దాన్ని చూసి కుసి కోయాలి.

పొడవు దగ్గరే చాలామంది తడబడతారు, ఎందుకంటే ఒక్క కాలిలో రెండు కుసులు ఎదురుపడతాయి. పట్టెను కాలి బయటి ముఖం నుంచి 2 సూతులు లోపలికి పెడితే బెజ్జం 4 నుంచి 8 సూతుల మధ్య పడుతుంది. అప్పుడు లోపలి ముఖం నుంచి 12 సూతులు తవ్వేసరికి రెండు బెజ్జాలూ తాకుతాయి. అక్కడ ఆగక 16 దాకా తవ్వి, కుసి కొసను 45 డిగ్రీల ఏటవాలుగా కోయండి: బయటివైపు 15 సూతులు, లోపలివైపు 11. మిగిలిన ఒక సూతు ఖాళీ జిగురుకు. కొస అడుగుకు తగిలితే భుజం ఎన్నటికీ మూసుకోదు, ఎంత క్లాంపు బిగించినా.

కుసి వెడల్పు పూర్తి నాలుగు అంగుళాలు తీసుకోవద్దు. బెజ్జం కాలి తల దాకా వస్తే తల చీలుతుంది. పైన అంగుళం వదిలి, అక్కడ 3 సూతుల పొడవున్న పొట్టి ముక్క మాత్రం ఉంచండి, పట్టె మెలి తిరగకుండా పట్టుకుంటుంది. కింద 2 సూతులు తీయండి. మిగిలేది రెండుముప్పావు అంగుళాలు. వెడల్పు మందానికి ఆరు రెట్లు దాటితే కుసిని రెండుగా చీల్చడం మేలు. మీది ఐదున్నర, ఒక్కటే చాలు.

బిగువు ఎంతంటే, చేత్తో నెడితే సగం దిగాలి, మిగతాది కొయ్యసుత్తితో రెండు తేలిక దెబ్బలకు దిగాలి. గట్టిగా బాదాల్సి వస్తే కాలు పగులుతుంది, లేదా జిగురంతా గీరుకుపోతుంది. జిగురు పట్టేది వెడల్పాటి రెండు ముఖాల మీదే. పైనా కిందా బెజ్జంలో తగిలేది నార తెగిన చెక్క, అక్కడ కాస్త వదులున్నా నష్టం లేదు. టేకు జిడ్డు చెక్క కాబట్టి అతికించే ముందు ఆ ముఖాలను థిన్నర్‌తో తుడిచి, ఆరగానే ఫెవికాల్ పూయండి.

అసలు ప్రమాదం తడి చెక్క. 2023లో అయోధ్య గుడికి బల్లార్షా నుంచే టేకు వెళ్లింది, కానీ ఎంత పేరున్న చెక్కయినా ఆరనిది ఆరనిదే. 20 శాతం తేమతో కుసి కోస్తే, చంద్రపూర్ ఎండలకు 10 శాతానికి దిగినప్పుడు అరంగుళం మందంలో పావు మిల్లీమీటరు దాకా తగ్గుతుంది. కుసి కదలడానికి అది చాలు. అంగుళం మందం పలకను నీడలో, గాలి ఆడేలా మధ్యలో రీపులు పెట్టి ఏడాది ఆరనివ్వాలి. అంత ఆగలేకపోతే కొయ్యమేకు కొట్టండి: కాలికి 3 సూతుల రంధ్రం వేసి, కుసిలో అదే రంధ్రాన్ని భుజం వైపు ఒక మిల్లీమీటరు జరిపి వేస్తే, కొన సన్నగా చెక్కిన మేకు దిగేకొద్దీ పట్టెను లోపలికి లాగుతుంది. అలా చేస్తే క్లాంపు కూడా అక్కర్లేదు.