వేసవి సెలవుల్లో ఇంగ్లిష్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి ప్రభుత్వ పాఠశాలలో ఎనిమిదో తరగతి పూర్తి చేశాడు. ఇంగ్లిష్ మీడియంలో చదువుతున్నాడు, మార్కులూ బాగానే వస్తున్నాయి. కానీ ఇంటికి వచ్చినవారు ఇంగ్లిష్‌లో ఒక్క మాట అడిగితే తల దించుకుంటాడు. ఈ సెలవుల్లో స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేర్పించమని బంధువులు చెబుతున్నారు. నాకు ఇంగ్లిష్ రాదు. ఏం చేయమంటారు? – ఒక తల్లి, సిద్దిపేట జిల్లా

జవాబు: అమ్మా, మీ అబ్బాయికి ఇంగ్లిష్ రాదని అనుకోకండి. చదివినది అర్థం చేసుకుని పరీక్ష రాస్తున్నాడంటే మాటలు అతని దగ్గర ఉన్నట్టే. వాటితో సొంతంగా వాక్యం కట్టి, నోరు తెరిచి చెప్పే అవకాశమే అతనికి దొరకలేదు. నిండు తరగతిలో ఒక్కో పిల్లవాడి వంతు వచ్చేసరికి గంట కొట్టేస్తారు.

కోర్సులో చేర్పించే ముందు ఒకరోజు అక్కడికి వెళ్లి కూర్చుని, గంటసేపట్లో పిల్లలు ఎంతసేపు మాట్లాడుతున్నారో చూడండి. పిల్లలు మాట్లాడుతూ, ఉపాధ్యాయుడు వింటూ సరిదిద్దుతూ ఉంటే నిస్సంకోచంగా చేర్పించండి. ఆయన బోర్డు మీద వ్యాకరణ సూత్రాలు రాస్తుంటే, పిల్లలు వాటిని నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంటుంటే మాత్రం, బడిలో జరిగినదే ఫీజు కట్టి మళ్లీ చేయించినట్టవుతుంది.

ఇంటి దగ్గర చేయదగినది ఇంతకంటే ఎక్కువే ఉంది. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022–23 నుంచి ఇంగ్లిష్ మీడియం ప్రవేశపెట్టినప్పుడు ఒక పేజీలో తెలుగు, పక్క పేజీలో ఇంగ్లిష్ ఉండే పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం పుస్తకాలు మీ ఇంట్లో ఉంటే పాత పుస్తకాల వాడికి అమ్మేయకండి. అబ్బాయి తెలుగు పేజీలో ఒక పేరా చదివి, పుస్తకం మూసి, ఆ విషయాన్ని తనకు వచ్చిన ఇంగ్లిష్‌లో పైకి చెప్పాలి. ఆ తరువాతే ఇంగ్లిష్ పేజీ తెరిచి, తాను ఎక్కడ తడబడ్డాడో చూసుకోవాలి. తప్పును తానే పట్టుకుంటాడు కనుక పక్కన ఇంగ్లిష్ వచ్చిన పెద్దవారు లేకపోయినా ఈ సాధన ఆగదు. మీరు ఎదురుగా కూర్చుని వింటే చాలు.

సాయంత్రం పూట, ఆ రోజు తాను చేసిన పనుల గురించి ఐదారు వాక్యాలు చెప్పించండి. సంతకు వెళ్లాడా, క్రికెట్ ఆడాడా, మోటారు చెడిపోతే నాన్నతో పొలానికి వెళ్లాడా, ఏదైనా సరే. జరిగిపోయినది చెప్పాలంటే భూతకాలం రాక తప్పదు, ‘డిడ్ యు వెంట్’ వంటి తప్పులు బయటపడేదీ ఇక్కడే. మన పిల్లలు చేసే పొరపాట్లలో చాలావాటికి కారణం తెలుగు వాక్యం నడక. ‘ఆయన డాక్టర్’ అంటే తెలుగులో వాక్యం పూర్తయిపోతుంది, క్రియ అక్కరలేదు. అందుకే పిల్లలు ‘హి డాక్టర్’ అని ఆగిపోతారు. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లిష్‌లో కర్త పక్కనే వస్తుంది. ఈ రెండు తేడాలను గుర్తుపెట్టుకుని మాట్లాడితే సగం తడబాటు తగ్గుతుంది. సరిదిద్దగలిగినవారు ఇంట్లో ఉన్నా మాట మధ్యలో ఆపవద్దు. చెప్పడం పూర్తయ్యాక సరైన వాక్యాన్ని ఒకసారి వినిపిస్తే సరిపోతుంది.

సెలవులు దాదాపు ఏడు వారాలు ఉంటాయి. దీనికి రోజుకు ఒక గంట కేటాయించి, మిగతా రోజంతా అతనికే వదిలేయండి. ఈత నేర్చుకోనివ్వండి, అమ్మమ్మగారి ఊరికి పంపండి. చెప్పుకోవడానికి జీవితంలో ఏమీ జరగని పిల్లవాడు ఏ భాషలోనైనా ఏం మాట్లాడతాడు?

ప్రశ్న: పదో తరగతి పరీక్షలు రాశాను. సెలవులకు హైదరాబాదు నుంచి మా బావలు, మరదళ్లు వస్తారు. వాళ్ల ముందు ఇంగ్లిష్ మాట్లాడితే నా ఉచ్చారణకు నవ్వుతారని భయం. – ఒక విద్యార్థిని, విజయనగరం జిల్లా

జవాబు: నవ్వినవారి మర్యాద గురించి వారి పెద్దలు ఆలోచించాలి, నువ్వు కాదు. నీ చేతిలో ఉన్నది ఉచ్చారణ కనుక దాని గురించి చెబుతాను. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మనం బస్సు, పెన్ను, కారు అంటాం. తెలుగులో మాట్లాడేటప్పుడు అది తప్పు కాదు, అలాగే అనాలి కూడా. ఇంగ్లిష్ వాక్యంలో మాత్రం ఆ చివరి ఉకారం వదిలెయ్యాలి. రోజూ ఒక పేరా పైకి చదివి, ఫోనులో రికార్డు చేసుకుని విను. తరువాత అదే పేరాను మంచి ఉచ్చారణ ఉన్నవారి గొంతులో విని పోల్చుకో. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో పిల్లల కథలు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉచితంగా దొరుకుతాయి, అవి నాలుగు స్థాయులుగా ఉంటాయి. సిగ్గుపడకుండా కింది స్థాయి నుంచే మొదలుపెట్టు. అమెరికా యాస తెచ్చుకోవడానికి ప్రయత్నించకు. ఎదుటివారికి స్పష్టంగా అర్థమైతే చాలు. ఇంకొక మాట: నాన్నగారు బ్యాంకుకు వెళ్తే నువ్వూ వెళ్లి, డబ్బు జమ చేసే ఫారం ఇంగ్లిష్‌లో నింపు. ఇంటర్‌లో చేరేటప్పుడు దరఖాస్తులు నింపడానికి ఇంకొకరిని అడగనక్కరలేదు.

ప్రశ్న: సెలవులయ్యేదాకా ఇంట్లో ఎవరూ తెలుగు మాట్లాడకూడదని మా కోడలు నియమం పెట్టింది. మనవడు నాతో మాట్లాడడమే మానేశాడు. ఇది సబబేనా? – ఒక తాతగారు, రాజమహేంద్రవరం

జవాబు: సబబు కాదండీ. ఇంగ్లిష్ రావాలన్న మీ కోడలి ఆరాటం న్యాయమైనదే, కానీ ఈ నియమం వల్ల అబ్బాయి మౌనం నేర్చుకుంటున్నాడు. రోజులో ఒక సమయం, ఉదాహరణకు రాత్రి భోజనాల వేళ, ఇంగ్లిష్‌కు కేటాయించమని నెమ్మదిగా చెప్పి చూడండి. మిగతా సమయంలో మీరు అతనికి తెలుగులో కథలు చెప్పండి. గౌతమీ గ్రంథాలయానికి తీసుకువెళ్లి, రెండు భాషల పుస్తకాలూ అతని చేతనే ఎంపిక చేయించండి.