టెక్ సందేహాలు: వేడెక్కితే ఆగిపోయే మారుతి 800

ఫోన్లు, లాప్‌టాప్‌ల ప్రశ్నలకు ఈ వారం సెలవు. పాత చిన్న కార్ల ఇంజిన్ల గురించి వచ్చిన మెయిళ్లు పేరుకుపోయాయి. వాటి సంగతి చూద్దాం.

ప్రశ్న: మాది 1996 మారుతి 800, కార్బొరేటర్ (గాలిలో పెట్రోల్ కలిపే భాగం) ఉన్న బండి. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. ఎండలో, ట్రాఫిక్‌లో అరగంట నడిపితే మాత్రం ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఇరవై నిమిషాలు వదిలేస్తే మళ్లీ మామూలే. ప్లగ్గులు, బ్యాటరీ మార్చాను, కార్బొరేటర్ సర్వీస్ చేయించాను. తేడా లేదు. ఇప్పుడు ఫ్యూయల్ పంపు మార్చమంటున్నారు. మార్చనా? – రాజమహేంద్రవరం పాఠకుడు

జవాబు: అప్పుడే వద్దు. ఇప్పటిదాకా పెట్టిన ఖర్చంతా ఊహ మీదే పెట్టారు. పంపు కూడా ఊహే.

ఇలాంటి లోపాన్ని బండి ఆగి ఉన్న ఆ ఇరవై నిమిషాల్లోనే పట్టుకోవాలి. షెడ్డుకు చేరేసరికి ఇంజిన్ చల్లారిపోతుంది, బండి బుద్ధిగా స్టార్టవుతుంది. లేని జబ్బును మెకానిక్ మాత్రం ఎలా చూస్తాడు? అందుకే డిక్కీలో మూడు వస్తువులు పెట్టుకోండి: పాత ప్లగ్గు ఒకటి, రెండు వైర్లు కట్టిన 12 వోల్టుల బల్బు, ఒక గుడ్డ. నీళ్ల సీసా ఎలాగూ ఉంటుంది.

బండి ఆగగానే ముందు పెట్రోల్ ట్యాంకు మూత తిప్పండి. ‘సుయ్’మని గాలి లోపలికి పోయి, వెంటనే బండి స్టార్టయిందంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట. పెట్రోల్ ఖర్చయిన కొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి, పంపు లాగలేకపోతుంది. మూత మారిస్తే చాలు.

అది కాకపోతే కరెంటు చూడాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వేయండి. ఒక ప్లగ్గు వైరు ఊడదీసి డిక్కీలోని పాత ప్లగ్గుకు తగిలించండి. ఆ ప్లగ్గు లోహపు ఒళ్లు ఇంజిన్ మీద రంగులేని ఇనుముకు గట్టిగా ఆనేలా ఆసరా పెట్టి, చెయ్యి తీసేయండి. ఇప్పుడు పక్కవాళ్లను సెల్ఫ్ కొట్టమనండి. టపటపమంటూ నీలంగా నిప్పురవ్వ దూకిందా, కరెంటు బాగుంది. పసుపుగా, నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా దొంగ ఇటే ఉన్నాడు. ప్లగ్గు వైరును గాల్లో వదిలేసి మాత్రం సెల్ఫ్ కొట్టకండి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండిలో కాయిలూ (ప్లగ్గులకు వేల వోల్టులు పుట్టించేది), ఇగ్నైటరూ (కాయిల్ కరెంటును ఆపి వదిలే ఎలక్ట్రానిక్ స్విచ్) దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎక్కడైనా పెట్రోల్ కారుతున్నా, వాసన గట్టిగా వస్తున్నా ఈ పరీక్ష జోలికే పోవద్దు.

నిప్పురవ్వ లేకపోతే బల్బు తీయండి. తాళం ఆన్‌లో ఉంచి, ఒక వైరు కాయిల్ ప్లస్‌కు, రెండోది ఎర్త్‌కు తాకించండి. వెలగలేదంటే కాయిల్‌కు సరఫరానే లేదు: ఇగ్నిషన్ స్విచ్, ఫ్యూజు, వైరింగ్ చూడాలి. వెలిగితే అనుమానం కాయిల్ మీదకీ, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ (మెకానిక్‌ల మాటలో డెల్కో) మీదకీ పోతుంది. డెల్కోలో పాయింట్లుంటే (కాయిల్ కరెంటును తెరిచి మూసే లోహపు కాంటాక్టులు) వాటి కండెన్సర్, లేకపోతే ఇగ్నైటర్. చల్లగా ఉన్నప్పుడు నిక్షేపంగా పనిచేసి, వేడెక్కగానే చేతులెత్తేయడం వీటన్నిటికీ అలవాటే.

మల్టీమీటర్ ఉన్నవాళ్లు కాయిల్ వైర్లు విప్పి కొలవచ్చు. ఈ తరహా కాయిళ్లలో ప్రైమరీ సుమారు 1 నుంచి 1.5 ఓమ్‌లు, సెకండరీ 10 నుంచి 15 కిలో ఓమ్‌లు చూపిస్తుంది. చవక మీటరు వైర్లకే అర ఓమ్ దాకా రెసిస్టెన్స్ ఉంటుంది కాబట్టి ముందు రెండు మొనలూ కలిపి ఎంత చూపిస్తుందో చూసి, తీసివేయండి. కొలవాల్సింది వేడి మీద. అయినా మీటరు అన్నీ చెప్పదు. మీటరులో సరిగ్గా తేలిన కాయిల్ కూడా వేల వోల్టులు పుట్టే చోట లోపల్లోపలే లీకవ్వచ్చు. అప్పుడు బాగున్న కాయిల్ ఒకటి అడిగి తెచ్చి పెట్టి చూడటమే మార్గం. నిప్పురవ్వ పోతోందని తేలాక చేసే మార్పిడి ఇది. మీరు ఇంతకుముందు చేసిన మార్పిళ్లకూ దీనికీ తేడా అదే.

నిప్పురవ్వ బాగుంటే పెట్రోల్ వైపు రండి. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, ఇంజిన్ ఆపి ఉంచి, యాక్సిలరేటర్ కేబుల్‌ను చేత్తో ఒక్కసారి లాగుతూ కార్బొరేటర్ గొంతులోకి చూడండి. సిరంజిలోంచి చిమ్మినట్టు సన్నని పెట్రోల్ ధార కనిపించాలి. కనిపిస్తే కార్బొరేటర్ దాకా పెట్రోల్ వస్తున్నట్టే. ధార లేకపోతే గుడ్డ తడిపి పంపు మీద, దాని పైపు మీద వేయండి. కాసేపటికి బండి స్టార్టయితే అది వేపర్ లాక్, అంటే వేడికి పైపులోనే పెట్రోల్ ఆవిరై దారి మూసేసింది. పైపు ఇంజిన్ వేడి భాగాలకు ఆనుకుని పోతోందేమో చూసి దూరంగా కట్టించండి. తడిగుడ్డకూ లొంగకపోతే అప్పుడు పంపు గురించి మాట్లాడుకుందాం.

నా పందెం ఎటని అడిగితే, ‘ఉన్నట్టుండి’ అన్నారు కాబట్టి కరెంటు వైపే. పెట్రోల్ అందని బండి సాధారణంగా ముందు పికప్ తగ్గి, కుదుపులిచ్చి ఆగుతుంది. స్విచ్ కట్టేసినట్టు ఆగేది ఎక్కువగా ఇగ్నిషన్ లోపంతోనే.

ప్రశ్న: 2004 మారుతి 800 ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే రకం). ఐడ్లింగ్‌లో వణుకుతోంది. ఇంజిన్ మౌంటింగులు (ఇంజిన్‌ను మోసే రబ్బరు దిమ్మలు) పోయాయని ఒక మెకానిక్, ఒక సిలిండర్ మిస్సింగ్ కొడుతోందని ఇంకొకరు. ఫోన్‌తో ఏమైనా తేల్చగలమా? – వరంగల్ పాఠకురాలు

జవాబు: తేల్చవచ్చు! జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన ఫైఫాక్స్ అనే ఉచిత ఆప్ వేసుకోండి. ఫోన్‌లో కదలికలు పసిగట్టే యాక్సిలరోమీటర్‌తో కంపనాల స్పెక్ట్రమ్, అంటే సెకనుకు ఎన్నిసార్ల కంపనం ఎంత బలంగా ఉందో చూపే గ్రాఫ్, గీస్తుంది. ఏసీ, రేడియేటర్ ఫ్యాను ఆగి ఉన్నప్పుడు ఫోన్‌ను కారు ఫ్లోర్ మీద గట్టిగా ఆనించి రికార్డు చేయండి. ఇంజిన్ మీద పెట్టకండి, ఫోన్ పోతుంది.

లెక్క ఇదీ. మూడు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు మూడుసార్లు మండుతుంది. 900 ఆర్‌పీఎం దగ్గర అది సెకనుకు 22.5 సార్లు. గ్రాఫ్‌లో 22.5 హెర్ట్జ్ దగ్గర ఒక శిఖరం ఉండటం సహజం. 800లో టాకోమీటర్ లేదు కదా, ఆ శిఖరం అంకెను 40తో గుణిస్తే ఆర్‌పీఎం వచ్చేస్తుంది. మూడు సిలిండర్ల ఇంజిన్ స్వభావం వల్ల 15 దగ్గర కూడా కొంత కనిపించవచ్చు. చూడాల్సింది 7.5 హెర్ట్జ్. ఒక్క సిలిండర్ మండకపోతే ప్రతి రెండు చుట్లకూ ఒక కుదుపు పడి, అక్కడ కొత్త శిఖరం లేస్తుంది. అది లేకుండా వణుకు మాత్రమే ఎక్కువగా ఉంటే మౌంటింగుల మెకానిక్ మాట నమ్మండి.

ఏ సిలిండరో ఫోన్ చెప్పలేదు. ఇంజెక్టర్ కనెక్టర్లను ఒక్కొక్కటిగా విప్పి చూడమని మెకానిక్‌ను అడగండి. ఏది విప్పినప్పుడు ఇంజిన్ చప్పుడు మారదో అదే సోమరి సిలిండర్. దాని ప్లగ్గును పక్క సిలిండర్‌కు మార్చాక మిస్సింగ్ కూడా వెంట వెళితే ప్లగ్గుదే తప్పు. వెళ్లకపోతే ప్లగ్గు వైరు, ఆపై ఇంజెక్టర్. ఇవేవీ కాకపోతే సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టించాలి. సిలిండర్ల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు ఒక కిలో దాటితే ఇంజిన్ పని ఉన్నట్టే. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే మొదటి అనుమానం హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ హెడ్డుకూ మధ్య సీలు) మీద.

ప్రశ్న: 2006 ఆల్టోకు బ్లూటూత్ ఓబీడీ డాంగుల్ (కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాలను ఫోన్‌లో చూపే పరికరం) కొన్నాను. ఫోన్‌తో జత కలుస్తోంది, కారుతో మాత్రం కలవట్లేదు. డాంగుల్ నకిలీదా?

జవాబు: నకిలీదే కావచ్చు. ఇలాంటి డాంగుళ్లలో ఉండే ఈఎల్ఎం327 చిప్‌కు అసలు కంపెనీ 1.5 వెర్షన్ ఎప్పుడూ విడుదల చేయలేదు, బజారులో మాత్రం దొరుకుతూనే ఉంటుంది. కానీ మీ సమస్య అది కాకపోవచ్చు. మన దగ్గర ఓబీడీ నిబంధనలు 2010 నుంచి, రెండో దశ 2013 నుంచి వచ్చాయి. అంతకుముందు బళ్లు చాలావరకు కంపెనీ సొంత భాషలో మాట్లాడతాయి. ఆ భాష వచ్చిన స్కానర్ ఉన్న షెడ్డుకే వెళ్లాలి. ఆ కాలపు కొన్ని సుజుకీ ఇంజిన్లలో కనెక్టర్‌లోని ఒక పిన్నును ఎర్త్ చేస్తే చెక్ ఇంజిన్ లైటు మినుకుతూ కోడ్ చెబుతుంది. ఒకసారి, కాస్త ఆగి రెండుసార్లు వెలిగితే 12, అంటే లోపమేదీ నమోదు కాలేదని. ఏ పిన్ను అనేది మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూడకుండా ప్రయత్నించకండి. తప్పు పిన్నుతో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పోతే డాంగుల్ ధరకు ఎన్నో రెట్లు వదులుతుంది.

ప్రశ్న: పాత బండి ఇబ్బందులన్నిటికీ ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలే కారణమంటున్నారు. నిజమా?

జవాబు: అన్నిటికీ కాదు. మైలేజీ కొంత తగ్గుతుంది. ఈ10కు (10 శాతం ఇథనాల్) ట్యూన్ చేసిన పాత కార్లలో 6 నుంచి 7 శాతం దాకా తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. కార్బొరేటర్ తనంతట తాను సర్దుకోలేదు కాబట్టి మిశ్రమం పలచబడి ఐడ్లింగ్ తడబడవచ్చు. స్క్రూ తిప్పి స్లో (ఐడ్లింగ్ వేగం) సెట్ చేయించుకుంటే చాలావరకు కుదురుకుంటుంది. నాకు ఎక్కువ భయం రబ్బరు పైపుల గురించే. బానెట్ కింద పెట్రోల్ పైపును వంచి చూడండి. సన్నని పగుళ్లు కనిపించినా, వేలికి జిగురుగా తగిలినా ఇథనాల్ తట్టుకునే రకం పైపు వేయించండి. పెట్రోల్ వాసన వస్తుంటే, అది ఎక్కడి నుంచో తేలేదాకా సెల్ఫ్ ముట్టుకోవద్దు.