కొత్తగా నల్లకోటు వేసినవాళ్లు నిజంగా కేసులు గెలుస్తారా?

థ్రిల్లర్లలో చూపించినట్టు అనుభవం లేని కుర్ర లాయరు, పద్ధతులు పక్కనపెట్టి పెద్దపెద్దవాళ్లను ఓడించడం నిజంగా జరుగుతుందా అని అడిగారు. శుభ్రంగా జరుగుతుంది. డైలాగులతో కాదు, కేసు కట్ట చదివితే. సీనియర్లకి చదివే తీరిక ఉండదు, జూనియర్లకి తీరిక తప్ప ఇంకేమీ ఉండదు.

నాకు దొరికిన మొదటి క్రాస్, అంటే అవతలి సాక్షిని ప్రశ్నించే ఛాన్సు, ఓ సారా కేసులో. సైకిల్ మీద నాటుసారా క్యాన్ తెస్తున్నాడని ఓ కూలీ మీద పెట్టారు. మా సీనియర్ వేరే కోర్టులో ఇరుక్కుని "వాయిదా అడుగమ్మా" అని ఫోన్ చేశారు. అడిగాను. "సాక్షి వచ్చి ఉన్నాడు. చేస్తే చెయ్యండి, లేదంటే క్రాస్ నిల్, ప్రశ్నలేం లేవని రాసుకుంటా" అన్నారు జడ్జిగారు. బోనులో ఉన్నది, సారా పట్టుకున్నప్పుడు మధ్యవర్తిగా, అంటే సాక్షిగా, సంతకం పెట్టిన వీఆర్వో.

మధ్యవర్తుల రిపోర్టు, అంటే సరుకు పట్టుకున్నచోటే రాసే కాగితం, ఉదయం ఆరున్నరకి కాలవగట్టు మీద రాసింది. ఎఫ్‌ఐఆర్ కట్టింది తొమ్మిదింటికి, స్టేషన్లో. క్రైమ్ నంబరు పుట్టేదే ఎఫ్‌ఐఆర్ కట్టాక. అయినా గట్టు మీది కాగితానికి నెత్తిన ఆ నంబరుంది. అదే సిరా, అదే చేతిరాత.

"ఇదంతా గట్టు మీదే రాశారాండీ?"

"అవునండి."

"స్టేషన్‌కెళ్లాక ఏమీ కలపలేదు?"

"లేదండి."

కూర్చున్నాను. సినిమా లాయరైతే ఇక్కడే బల్ల గుద్ది "మరి నంబరెలా వచ్చింది?" అని అరుస్తాడు. అరిస్తే సాక్షి సర్దుకుని "తర్వాత వేశామండి" అంటాడు, కేసు గోవిందా. నోరు దురద పెట్టినా ఆ ప్రశ్న వాదనల రోజుకి దాచుకోవాలి. దాచుకున్నాం. కేసు కొట్టేశారు.

అన్నట్టు, మన జడ్జీలు సుత్తి కొట్టరు బాబూ. ఆఖరి నిమిషంలో తలుపు తోసుకొచ్చే సాక్షీ ఉండడు. కొత్త సాక్షిని పిలవాలంటే పాత నేరవిచారణ చట్టంలో 311, ఇప్పటి దాంట్లో 348 సెక్షన్ కింద పిటిషన్ వెయ్యాలి, అవతలివాళ్లు కౌంటర్ వెయ్యాలి. ఈలోపు ఆ సస్పెన్సు రెండు వాయిదాలు తిరిగి టీ తాగి వెళ్లిపోతుంది. ఇంకోటి, హీరోకి అద్దె ఎవరు కడతారో ఏ థ్రిల్లరూ చెప్పదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో లా నేస్తం పేరుతో జూనియర్లకి నెలకి 5,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టారంటేనే మా సంపాదన అర్థం చేసుకోండి.

తీర్పు రోజు ఆ కూలీ భార్య మా సీనియర్ కాళ్లకి దణ్ణం పెట్టి, నా వైపు తిరిగి "తీర్పు కాపీ ఎప్పుడిస్తారమ్మా?" అనడిగింది.