23 వేల బిల్లులు చూసి ధర కట్టకండి

ప్రశ్న: నమస్కారమండి. పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొనాలని ఎన్నాళ్ళుగానో కోరిక. మా ఊరి దగ్గర ఒకాయన 1972 ఎంజీబీ రోడ్‌స్టర్ (టాప్ దించుకునే కారు) అమ్ముతున్నాడు. ఎర్ర రంగు, క్రోమ్ బంపర్లు, వైర్ వీల్స్, ఓవర్‌డ్రైవ్ (వేగంలో ఇంజన్ తిరుగుడు తగ్గించే అదనపు గేరు) ఉన్నాయి. 11,950 పౌండ్లు చెప్తున్నాడు. 2014లో మొత్తం రీస్టోర్ చేయించానంటూ 23,000 పౌండ్ల బిల్లులు చూపించాడు. 500 అడ్వాన్స్ ఇస్తే కారు ఎవరికీ ఇవ్వకుండా ఆపుతాడట. మా ఆఫీసులో ఒకాయన తన 1977 రబ్బరు బంపర్ ఎంజీబీని 6,000కి ఇస్తానంటున్నాడు. ఏది సరైన ధర? మొదటి కారు నంబరు, ఫొటోలు, బిల్లుల కాపీలు పంపుతున్నాను. శనివారం చూడటానికి వెళ్తున్నాను.
— ఎస్.కె., రెడింగ్, ఇంగ్లండ్

జవాబు: ఎస్.కె. గారూ, ముందు ఆ 500 ఇవ్వకండి. ఎంజీబీ దొరకని కారేమీ కాదు. 1962 నుంచి 1980 దాకా ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో, పైకప్పున్న జీటీ మోడళ్ళతో కలిపి 5 లక్షలకు పైగా తయారయ్యాయి. ఈ వారం ఇది పోతే వచ్చే వారం ఇంకోటి అమ్మకానికి వస్తుంది. తొందరపెట్టే అమ్మకందారు దగ్గర మీరే నిదానించాలి.

బిల్లుల సంగతి. ఆయన 23 వేలు ఖర్చుపెట్టింది తన ముచ్చట తీర్చుకోవడానికి. అందులో మీకు పనికొచ్చేది ఏ పని, ఎవరు, ఎప్పుడు చేశారన్న సమాచారమే. మొత్తం ఎంత అయిందన్నది మీ ధరకు లెక్క కాదు. అలాగే ప్రకటనల్లో కనిపించే ధరలు అడిగేవాళ్ళ ఆశలు మాత్రమే. వేలంపాట సంస్థలు తమ సైట్లలో కారు చివరికి ఎంతకు పోయిందో పెడతాయి, వాటిని చూడండి. కొన్నవాళ్ళు ఆ పాట ధర మీద కమీషన్ కూడా కట్టి ఉంటారు, అదీ కలుపుకోండి.

మీరు నంబరు పంపి మంచి పని చేశారు. ఇక్కడ కారు నంబరు కొడితే 2005 నుంచి దాని ఎంఓటీ (ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష) చరిత్ర ప్రభుత్వ సైట్‌లో ఉచితంగా కనిపిస్తుంది. చూశాను. 2017లో ఈ కారు ఫెయిలైంది. కారణం ఎడమవైపు సీటుబెల్టు బిగింపు దగ్గర సిల్ (తలుపు కింద పొడవునా సాగే బాడీ భాగం) తుప్పు పట్టడం. అయిదో రోజుకే పాసైంది. 2014లో మొత్తం రీస్టోర్ చేసిన కారు మూడేళ్ళకే అక్కడ తుప్పు పట్టదు. అయిదు రోజుల్లో సిల్ మార్చడమూ కష్టమే, అతుకు వేసి ఉంటారు. ఆ పని బిల్లు మీరు పంపిన కాగితాల్లో లేదు. 2018 మే నుంచి 40 ఏళ్ళు దాటిన కార్లకు ఎంఓటీ తప్పనిసరి కాదు, ఈయన ఆ తర్వాత చేయించనూలేదు. అంటే ఇన్నేళ్ళుగా దాని కింద ఏముందో బయటివాళ్ళెవరూ చూసినట్టు లేదు.

ఎంజీబీ ధరంతా ఈ సిల్స్‌లోనే ఉందని నేను గట్టిగా నమ్ముతాను. విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ నేర్చుకుని, ఇక్కడ కోవెంట్రీలో ఈ కార్ల బాడీ పనే చేస్తూ వచ్చినవాణ్ణి. దీనికి విడిగా ఛాసిస్ లేదు. పైకప్పు లేని కారు బరువంతా తలుపుల కింద రెండు వైపులా సాగే సిల్స్ మోస్తాయి. బయట కనిపించేది ఒక రేకు. లోపల ఇంకో రెండు పొరలుంటాయి, నీళ్ళు చేరి ఆ పొరల మధ్య నుంచే తుప్పు మొదలవుతుంది. సక్రమంగా మార్చాలంటే ముందు, వెనక మడ్‌గార్డుల కింది అంచులు కోయాలి, ఎందుకంటే సిల్ వాటి వెనక్కి కూడా వెళ్తుంది. బద్ధకించినవాళ్ళు పాత తుప్పు మీదే కొత్త రేకు కప్పి, లప్పం పెట్టి, రుద్ది, రంగేస్తారు. పైన పటారం, లోన లొటారం.

మీరు పంపిన ఏడో ఫొటో పెద్దది చేసి చూడండి. ఎడమ తలుపు వెనక అంచు దగ్గర సందు కిందివైపు వేలు దూరేంత ఉంది, పైకి వెళ్ళేసరికి అగ్గిపుల్ల కూడా పట్టదు. మధ్యలో బాడీ కుంగితే ఇలాగే అవుతుంది. పైగా మడ్‌గార్డు కింది భాగం సిల్‌ను కలిసేచోట నిలువుగా ఒక అతుకు గీత కనిపించాలి. ఇందులో నున్నగా ఉంది. నునుపు చూసి మురిసిపోకండి, అక్కడ గీత లేదంటే లప్పం ఉందనే అనుమానించాలి.

శనివారం వెళ్ళేటప్పుడు మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం తీసుకెళ్ళండి. సిల్ పొడవునా ఆనిస్తూ పోతే ఎక్కడ జారిపోతుందో అక్కడ లప్పం మందంగా ఉన్నట్టు. తర్వాత ఆయన అనుమతితో, ఆయన ముందే, సిల్ మధ్యనున్న జాకీ పాయింట్ దగ్గర ఎత్తించండి. తలుపు తెరిచి మూయండి. పట్టేసినా, సందు మారినా, కింద కరకర శబ్దం వినిపించినా ఇంకేమీ అడగక్కర్లేదు. జాకీ వద్దని ఆయనే అంటే, సిల్స్ పోయినట్టే లెక్క కట్టండి.

ఇంజన్ గురించి అంత టెన్షన్ వద్దు. 1798 సీసీ మొండి ఇంజన్, విడిభాగాలన్నీ కొత్తవి దొరుకుతాయి. బాగా వేడెక్కాక నడుస్తుంటే ఆయిల్ ప్రెషర్ 50 పైన, ఐడిల్‌లో 15కి తగ్గకుండా ఉంటే చాలు. ఓవర్‌డ్రైవ్ స్విచ్ వేస్తే నాలుగో గేరులో ఆర్‌పీఎం దిగాలి. దిగకపోతే తప్పు చిన్న వైరుదే కావచ్చు, మీరు మాత్రం చెడిపోయినట్టే బేరమాడండి. 2017లో మీటరు 81,240 మైళ్ళు చూపింది, ఇప్పుడు 81,900 అంటున్నారు. తక్కువ తిరిగింది కదా అని ఎక్కువ ఇవ్వకండి. ఏళ్ళ తరబడి నిలబడ్డ కారుకు బ్రేకుల రబ్బర్లు, టైర్లు పోయి ఉంటాయి. టైరు మీద చివరి నాలుగంకెలు చూడండి, 2311 అంటే 2011లో 23వ వారం. మీటరుకు అయిదంకెలే, లక్ష దాటితే మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి 81 వేలే అన్నదానికి పాత కాగితాలు కావాలి.

ఇక లెక్క. సిల్స్ గట్టిగా ఉన్న ఇలాంటి కారు 11,000 చేస్తుందనుకుందాం. రెండు సిల్స్ సక్రమంగా మార్చి రంగేయడానికి నా అంచనా 3,600. టైర్లు, బ్రేకుల పని 800. పని మొదలెట్టాక బయటపడే తుప్పుకు ఇంకో 600. మిగిలేది 6,000. మీ ఊరి గ్యారేజీ రాసిచ్చే అంచనాతో ఈ అంకెలు సరిచూసుకుని, 5,500 దగ్గర మొదలుపెట్టి 6,200 దగ్గర ఆగండి. ఎంఓటీ కాగితం ప్రింటు తీసి చేతిలో పెట్టి మాట్లాడండి, గొడవ పడనక్కర్లేదు. ఒప్పుకోకపోతే ఫోన్ నంబరిచ్చి వచ్చేయండి. టాప్ దించి తిరిగే కాలం ముగిశాక, నవంబరు నాటికి, ఆయనే ఫోన్ చేయొచ్చు.

ఆఫీసాయన కారు సంగతి. అమెరికా నిబంధనల కోసం 1974 చివర్లో రబ్బరు బంపర్లు పెట్టి, కారు ఎత్తు కొంచెం పెంచారు. జనానికి ఆ రూపం నచ్చదు కాబట్టి ఒకే కండిషన్‌లో ఉన్నా వీటి ధర తక్కువ. నడపడానికి 1977 మోడల్ బాగానే ఉంటుంది, మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్లు ముందూ వెనకా వచ్చాయి. 40 ఏళ్ళు దాటింది కాబట్టి హిస్టారిక్ (పాత కార్ల) తరగతి కింద రోడ్ టాక్స్ కూడా పడదు. మీ కోరిక వారాంతాల్లో నడుపుకోవడమే అయితే నేను ముందు దీన్నే చూస్తాను. అదే అయస్కాంతం, అదే జాకీ. సిల్స్ నిలబడితే 6,000 ఇవ్వొచ్చు. దాని నంబరు కూడా పంపండి, ఎంఓటీ చూసి చెప్తాను.